మూడింటి గీత

సిరోంచ ఘాట్ దిగువన
ప్రాణహితలో మొలదాకా మునిగిన రాతి స్తంభం ఒకటి,
తెల్ల రంగు మీద నల్ల అంకెలు.
నది దానికి వీపు రుద్దుకుంటది.
మా నాయిన జీతమంతా ఆ వీపు మీదనే.

వానకాలం గంటగంటకూ దిగాలె,
టార్చి కొట్టాలె,
నీళ్ళు ఏ అంకెను నాకుతున్నయో చూసి
రిజిస్టర్ల ఎక్కియ్యాలె.

బడిలో గేడాం సార్ మరాఠీలో చెప్పిండు:
మొదటి పదం ఇస్త. ఫరక్ ఇస్త.
ముందరిదానికి ఫరక్ కలుపు, తరువాతిది వస్తది.
మా ఇంట్ల పదమంటే మాట.
సార్ నోట్ల అది మెట్టు.
"ఇరవయ్యోది గావాలంటే?" అన్నడు దుర్గం బక్కన్న.
"పంతొమ్మిదోదాన్ని అడుగు."
"దానికెట్ల ఎరుక?"
"పద్దెనిమిదోదాన్ని అడిగి ఉంటది."
క్లాసంతా నవ్వింది.
సార్ నవ్వలే.
"అడుక్కుంట అడుక్కుంట పోతె
అందరికన్న ముందు ఒకరు
ఎవరినీ అడగకుండ నిలబడి ఉండాలె" అన్నడు.

ఆ శ్రావణంల నాయినకు చలిజ్వరం.
రెండు గొంగళ్ళ కిందికెళ్ళి గొంతు:
"తారాబాయీ, నువ్వు పోయి చూసిరా బిడ్డా."

తొమ్మిదింటికి నాలుగు మీటర్ల ఇరవై.
పదింటికి ముప్పై అయిదు.
పదకొండుకు యాభై.
ఒళ్ళు జలదరించింది నాకు,
నదికి సార్ ఎప్పుడు చెప్పిండో ఈ పాఠం!
పన్నెండుకు అరవై అయిదు.
ఒంటిగంటకు ఎనభై.
రెండింటికి తొంభై అయిదు.
కట్టేసిన పడవల తాళ్ళు కిర్రు కిర్రుమంటున్నయి.
అవతల కాళేశ్వరం దిక్కు
దీపాలు రెండో మూడో.
ముందరిదానికి పదిహేను,
మళ్ళ ముందరిదానికి పదిహేను.
వాన లేదు. గాలి లేదు.
ఎక్కడి వాననో మా మెట్లెక్కుతున్నది.

మూడింటికి లేవలే.

కండ్లు తెరిస్తే గడియారంల నాలుగుకు పది తక్కువ.
ఉరుకుతుంటే నోట్ల లెక్క నాకన్న ముందు ఉరికింది:
తొంభై అయిదుకు పదిహేను, అయిదు మీటర్ల పది.
దానికింకో పదిహేను, అయిదు ఇరవై అయిదు.
చూడకుండనే మూడింటిది వచ్చింది.
చూడకుండనే నాలుగింటిది.
ఇట్లనే తెల్లారేదాక రాసేసి
పండుకోవచ్చు గద అనిపించింది.

టార్చి ఏసిన.
అయిదు మీటర్ల ఎనిమిది.

తుడుచుకోని మళ్ళ చూసిన. ఎనిమిదే.
దాని మీద జానెడు దాక రాయి తడి తడిగ మెరుస్తున్నది.
అల కొట్టిన తడో,
నిలబడి పోయిన తడో.
నది ఎందాకనో ఎక్కి
ఎవరూ చూస్త లేరని తెలిసి
మెల్లగ తిరిగి దిగుతున్నది.

"మూడింటికి అయిదు పది అని రాయన్నా?"
నాయిన గొంగళ్ళల్లకెళ్ళి లేచి కూసున్నడు.
"చూసినవా?"
"లే."
"మరి పది యాడిది?"
"ముందరిదానికి పదిహేను కలిపితె..."
"ఆ పదిహేను నువ్వు పెట్టుకున్నది బిడ్డా.
నీళ్ళు పెట్టలే."
వణికే చేత్తోటి పెన్ను తీసుకోని
మూడింటి గడిల అడ్డంగ ఒక గీత గీసిండు.
"నిద్రకు గూడ ఒక గడి ఉంటది" అన్నడు.

ఆ గీతకు పెద్దాఫీసు సంజాయిషీ అడిగింది.
నాయిన మరాఠీల ఒక్క వాక్యం రాసి పంపిండు:
ఆ గంట నా బిడ్డ నిద్రపోయింది.

పరీక్షల ఇరవయ్యో పదం అడిగిండ్రు.
దగ్గరి దోవ ఒకటి ఉన్నది, సార్ అప్పటికే చెప్పిండు,
పందొమ్మిది ఫరకులు ఒక్కసారే గుణించి దుంకొచ్చు.
నేను దుంకలే.
ఒక్కొక్క మెట్టు మీద కాలు పెట్టి
తడి తాకి
తరువాతిదాన్ని పిలిచిన.
బెల్లు కొట్టెవరకు పద్దెనిమిది దాక వచ్చిన.
మిగిలిన రెండు గడులల్ల
రెండు గీతలు గీసి
కాయిదం ఇచ్చేసిన.